నాన్న పేరు పెట్టుకున్న పిల్ల

ఇక్కడ మా గ్రీన్లాండ్ ఆడవాళ్ళని ఎవరినైనా "నీకు పిల్లలెంతమంది?" అని అడిగి చూడండి. "ఇంట్లోనా, బయటా?" అని ఎదురడుగుతారు. బయట అంటే మునిసిపాలిటీ వాళ్ళు తీసుకుపోయి వేరేవాళ్ళ ఇళ్ళలో పెంచుతున్న పిల్లలు. డెన్మార్క్‌లోని ఈ రేవు ఊరికి నేను పడుచుదనంలో వచ్చాను, ఇప్పుడు తల నెరిసింది. మా బిల్డింగులో బయట పిల్లలు లేని గ్రీన్లాండ్ ఆడది నేనొక్కదాన్నే. అదీ నాకు పిల్లలు పుట్టలేదు కాబట్టి.

మాలియాని ఎవరో అదే మాట అడిగితే "ఒక్కతే, ఇంకా లోపలే ఉంది" అని పొట్ట నిమురుకుని నవ్వింది. "అంత గట్టిగా నవ్వకే, గోడలకి చెవులుంటాయి" అన్నాను. నేను తమాషాకి అనలేదు. కడుపుతో ఉన్న మా గ్రీన్లాండ్ అమ్మాయిల్ని చూస్తే నాకు సంతోషం కంటే ముందు భయం వస్తుంది. మునిసిపాలిటీ బూడిదరంగు కారు ఈసారి ఎవరి గుమ్మం ముందు ఆగుతుందా అని మనసు పీకుతూనే ఉంటుంది.

మాలియా నాకు రక్తసంబంధం కాదు. వాళ్ళమ్మ అబెలోనె, నేనూ ఒకే పల్లెలో పుట్టాం, ఒకే బడి హాస్టల్లో ఒకరి తలలో పేలు ఒకరం చూసుకున్నాం. అందుకని నన్ను పిన్ని అంటుంది. వాళ్ళ నాన్న ఎనోక్ సీల్ జంతువుల వేటగాడు. కొడుకులు లేరని ఏనాడూ దిగులు పడలేదు, కూతుర్నే పడవలో ఎక్కించుకుని తిప్పాడు. పొద్దున బయలుదేరితే పొద్దుగూకేదాకా ఇద్దరూ మంచుగడ్డల మధ్య తిరిగేవాళ్ళు. ఇంటికొచ్చాక అబెలోనె "ఏం మాట్లాడుకున్నారు?" అంటే తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు, వాళ్ళకి ఒక్క మాటా గుర్తొచ్చేది కాదు.

అసలు మా వాళ్ళకి నోటితో పని తక్కువ. అవునంటే కనుబొమలెత్తుతాం, కాదంటే ముక్కు చిట్లిస్తాం. దానికే ఇక్కడి డేన్‌లు, అంటే డెన్మార్క్ వాళ్ళు, మమ్మల్ని మొద్దులంటారు.

నర్సు చదువు చదువుతానని మాలియా ఈ దేశం వచ్చింది. చదువు అబ్బలేదు, చేపల ఫ్యాక్టరీలో చేరింది. కత్తి పట్టడం తండ్రి దగ్గర నేర్చిందే కాబట్టి అక్కడ ఏ ఇబ్బందీ లేదు. ఫ్యారో దీవుల నావికుడొకడు పరిచయమయ్యాడు. మనిషి మంచివాడే, కాకపోతే సముద్రం అవతల వాడికి ఇంకో సంసారం ఉంది. ఆ సంగతి తెలిసేసరికి దీనికి మూడో నెల. రెండురోజులు ఏడ్చింది, మూడోరోజు ఉయ్యాల బేరం చేయడానికి నన్ను వెంటబెట్టుకుని పాతసామాన్ల కొట్టుకి పోయింది. అదీ మాలియా అంటే.

కష్టం ఆసుపత్రిలో మొదలైంది. అక్కడి నర్సు మాటల్లో పెట్టి చిన్నతనం గురించి అడిగింది. మీ నాన్న వేటకి, మీ అమ్మ ఆసుపత్రికి పోయినప్పుడు నువ్వెక్కడుండేదానివి అంది. "ఎక్కడ ఆకలేస్తే అక్కడ" అంది మాలియా. మా పల్లెలో ఏ తలుపుకీ గడియ ఉండదు, ఏ ఇంట్లో కుండ ఉడుకుతుంటే పిల్లలు ఆ ఇంట్లో తింటారు, నిద్రొస్తే అక్కడే పడుకుంటారు. మా అందరి చిన్నతనం అంతే. ఆ నర్సుకి మాత్రం దిక్కూమొక్కూ లేని పిల్ల కనబడింది. అలాంటి పిల్ల రేపు తన బిడ్డనేం పెంచుతుందని మునిసిపాలిటీకి కబురు చేసింది. తల్లిగా పనికొస్తుందో లేదో తేల్చే పరీక్షకి రమ్మని పిలుపొచ్చింది. బిడ్డ ఇంకా భూమ్మీద పడనేలేదు.

అది చాలదన్నట్టు, గోరుచుట్టు మీద రోకటిపోటులా అదే నెలలో ఎనోక్ పోయాడు. సముద్రం మీద పలచబడిన మంచు, కుక్కలు లాగే ఆయన బండిని మోయలేక విరిగింది. అబెలోనె ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. కూతురు ఏడుస్తుంటే ఆ ముసలిది కోప్పడింది.

"ఎందుకే ఏడుపు? ఆయనెక్కడికి పోయాడు? నీ దగ్గరికే బయలుదేరాడు. దారిలో ఉన్నాడు, పక్క సర్ది ఉంచు."

మాలో పోయినవాళ్ళ పేరు ఆ తర్వాత పుట్టిన బిడ్డకి పెడతాం. ఆడా మగా చూడం. పేరు వెంట మనిషీ వస్తాడు. అందుకని ఆ బిడ్డని ఎవరూ మామూలు బిడ్డలా పిలవరు. కూతురు "నాన్నా" అంటుంది, పెళ్ళాం "ఏమయ్యా" అంటుంది. పోయినాయనకి చేప తల ఇష్టమైతే పళ్ళు రాగానే పిల్లకీ చేప తలే పెడతారు. నాకు మా అమ్మమ్మ పేరు పెట్టారు. మా మేనమామ అంత మీసాలవాడూ నన్ను "అమ్మా" అనేవాడు. నేను నాలుగేళ్ళదాన్ని అయినా సరే, నా ఎదుట చుట్ట కాల్చేవాడు కాదు. నేను కళ్ళెర్రజేస్తే అవతలికి పోయి కాల్చుకునేవాడు. నవ్వొస్తుంది తలుచుకుంటే. కానీ తల్లి పోయిందని వాడు ఎప్పుడూ ఏడ్చి ఎరగడు.

పరీక్షకి మాలియాని నేనే తయారుచేశాను. నా కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, మెడకి శాలువా చుట్టి, వంటింటి బల్లకి అటువైపు కూర్చున్నాను.

"నీకు కోపం వస్తుందా మాలియా?" అన్నాను డేన్‌ల గొంతు పెట్టి.

ముక్కు చిట్లించింది.

"నోటితో చెప్పవే తల్లీ! నోరేం చేస్తోంది?"

"తింటోంది పిన్నీ." నిజంగానే ఎండుచేప నములుతోంది.

"అక్కడ కూడా ఇలాగే కూర్చుంటే నిన్నే నమిలేస్తారు. నా కళ్ళలోకి చూసి మాట్లాడు."

"పెద్దవాళ్ళ కళ్ళలోకి గుచ్చి గుచ్చి చూస్తే మా అమ్మ చెంప పగలగొట్టేది."

"మీ అమ్మ పెట్టడం లేదే పరీక్ష! చూడు, కళ్ళలోకి చూడు. ఆ, అలా. మరీ అలా కాదు, సీల్‌ని గురిచూసినట్టుంది."

ఇద్దరం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాం. ఆ తర్వాత చాలా రోజులు సాధన చేసింది. ఇల్లెలా ఉంచాలి, పాలెలా కాచాలి, బిడ్డ ఏడిస్తే ఏమనాలి, అన్నీ నోటికొచ్చేశాయి. ఏం మిగిలిపోయిందో మా ఇద్దరికీ తట్టలేదు. తట్టదు కూడా. గాలి పీల్చడం ఎలాగో ఎవరైనా సాధన చేస్తారా?

పరీక్ష పెట్టినావిడ పేరు హెన్రియెట్. మెత్తటి మనిషి. టీ ఇస్తుంది, బిస్కట్టు ఇస్తుంది, తల పక్కకి వాల్చి వింటుంది. ఆమె గొంతు ఎంత మెత్తబడితే నాకు అంత అనుమానం వచ్చేది. రోడ్డు మీద ఇక్కణ్ణుంచి రోమ్ పోవాలంటే ఏయే దేశాలు దాటాలని అడిగిందట. "రోడ్డు తెలీదు, పడవైతే అడుగుతూ పోతా" అంది ఇది. ఆవిడ నవ్వి రాసుకుంది. రోమ్‌కి దారి తెలిస్తే బిడ్డకి విరేచనాలు కడతాయా? నాకైతే అర్థం కాలేదు.

చివరికి తేల్చిందేమంటే, ఇప్పుడే ఏమీ తేల్చలేం, పుట్టాక తల్లినీ బిడ్డనీ ఒక ఇంట్లో పెట్టి కనిపెట్టి చూస్తాం అని. అందరూ శుభాకాంక్షలు చెప్పారు. నేను మాత్రం ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు.

ఆడపిల్ల పుట్టింది. నల్లటి జుట్టు, ఎనోక్‌కి ఉన్నట్టే కుడి చెవి కాస్త ముడుచుకుని ఉంది. వార్డులో పక్క మంచం మీద డేన్‌ల అమ్మాయి. వాళ్ళమ్మ మనవణ్ణి ఎత్తుకుని, "అచ్చం మా ఆయనే! చూడవే, మీ నాన్న తిరిగొచ్చాడు!" అని గంతులేస్తోంది. నర్సు కూడా నవ్వుతూ, "అయితే తాతగారికి త్వరగా పాలు పట్టండి, ఆకలి మీదున్నట్టున్నారు" అంది. వార్డంతా నవ్వింది. మేమూ నవ్వాం.

పిల్లకి చర్చిలో చెప్పే పేరు సిగ్నె. అది కాగితాల కోసం. ఇంట్లో పిలిచే పేరు, అసలు పేరు, ఎనోక్. మాలియా నన్ను దగ్గరికి పిలిచి, "పిన్నీ, నాన్న వచ్చాడు, పలకరించు" అంది. "ప్రయాణం బాగా జరిగిందా బావా?" అన్నాను. పిల్ల ఆవులించింది. అబెలోనె ఫోన్లో ఆ ఆవులింత విని, "ఆయనే! నేనేదడిగినా అంతే!" అని కేకపెట్టింది.

కనిపెట్టే ఇల్లు ఊరి చివర ఉంది. పెద్ద పెద్ద కిటికీలు, ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు కుర్చీ వేసుకుని చూస్తుంటారు. నేను సీల్ మాంసం చారు కాచి డబ్బాలో పట్టుకెళ్ళాను. వాసనకి అక్కడి అమ్మాయి కిటికీలు తెరిచింది. మాలియా చిక్కింది గానీ మొహంలో వెలుగుంది. అన్నీ బాగా చేస్తున్నానట, వాళ్ళే అన్నారట. ఇంకొన్నాళ్ళు ఇలాగే గడిస్తే ఇంటికి పంపేస్తారట.

అప్పుడే హెన్రియెట్ వచ్చింది. మాలియా పిల్లకి నీళ్ళు పోస్తోంది. మోచేత్తో నీళ్ళ వేడి చూసింది, మెడ కింద చెయ్యి వేసి పట్టుకుంది, ఎక్కడా తప్పు లేదు. పిల్ల వెచ్చటి నీళ్ళలో కాళ్ళాడించింది. మాలియా పరీక్ష సంగతి మర్చిపోయింది. ఆనందంలో మా భాషలో పిల్లతో మాట్లాడటం మొదలెట్టింది, "నాన్నా, అప్పుడు నువ్వు నన్ను పడవలో పెట్టుకుని తిప్పావు కదా, ఇప్పుడు నిన్ను నేను తిప్పుతా. నువ్వుంటే నాకు భయం లేదు నాన్నా. ఇంక నన్ను వదిలి పోవుగా?" అంటూ. నేనూ తల ఊపుతూ వింటున్నాను. ఎంత చక్కగా అంటోంది అనుకున్నాను.

"ఏమంటున్నావు పాపతో?" అంది హెన్రియెట్, తల పక్కకి వాల్చి.

అన్నిటికీ నోరిప్పి, కళ్ళలోకి చూసి జవాబు చెప్పడం మాలియాకి బాగా అలవాటైంది. ఆవిడ కళ్ళలోకి చూస్తూ, నవ్వుతూ, ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. "ఈ పాప మా నాన్న. పోయినేడు చనిపోయాడు. నా దగ్గరికి తిరిగొచ్చాడు. నాకు తోడుగా ఉంటాడు."

హెన్రియెట్ చాలా మెల్లిగా కలం మూత తీసింది.

బూడిదరంగు కారు ఆ తర్వాతి వారం వచ్చింది. పిల్లని సీటులో కట్టేటప్పుడు మాలియా అడ్డుపడలేదు, అరవలేదు. పట్టీ బిగుసుకుపోయిందని వదులు చేసి ఇచ్చింది. దాన్ని కూడా రాసుకున్నారు, తల్లిలో బాధ కనబడలేదని.

పిల్లల సంగతి తేల్చే కమిటీ ముందు హెన్రియెట్ రాసింది చదివారు, నేను విన్నాను. ఈ తల్లి తన బిడ్డను తన తండ్రి అనుకుంటోంది. పసికందు తనకు రక్షణ ఇవ్వాలని ఆశిస్తోంది. ఉన్నదానికీ ఊహకీ తేడా తెలియదు. బిడ్డ మనసు దెబ్బతినే ప్రమాదం ఉంది. కుక్కని చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టాలంటారు. నేను ఉండబట్టలేక లేచాను.

"నన్ను మా మేనమామ అమ్మా అని పిలిచాడయ్యా. మా పల్లెలో అందరం ఇలాగే పెరిగాం. నాకేం పిచ్చెక్కిందా?"

పెద్దమనిషి ఒకాయన మర్యాదగా తలూపాడు. "మీ ఆచారాలంటే మాకు చాలా గౌరవం. మీకు పిల్లలున్నారా?"

"లేరు."

"కూర్చోండి" అన్నాడు అంతే మర్యాదగా.

ఆ వార్డులో గంతులేసిన ముసలావిడ ఇంటికి ఏ కారూ వెళ్ళి ఉండదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. అదే మాట వాళ్ళ నోట్లో ముచ్చట, మా నోట్లో రోగం. ఈ కోపం నాతోనే పోతుంది, ఇది చల్లారేది కాదు.

పిల్లని వంతెన అవతల పసుపురంగు ఇంట్లో ఉండే డేన్‌ల దగ్గర పెంపకానికి పెట్టారు. వాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. నెలకోసారి మాలియాకి చూపిస్తారు, ఒక ఆఫీసు గదిలో, మునిసిపాలిటీ అమ్మాయి ఎదుట. రెండు షరతులు. డేన్‌ల భాషే మాట్లాడాలి. పిల్లని సిగ్నె అనే పిలవాలి, ఆ రెండోమాట అనకూడదు. సరిగ్గా నడుచుకుంటే మళ్ళీ ఆలోచిస్తామన్నారు. మాలియా ఆ చివరి మాట పట్టుకుని బతికింది. అయినా గదిలోకి పోగానే నోరు ఆగేది కాదు. బూటు తాడు కట్టే నెపంతో వంగి, పిల్ల చెవిలో "నాన్నా" అనేసేది. ఒకసారి ఆ అమ్మాయి పట్టుకుంది. ఆ తర్వాత రెండు నెలలకోసారే చూపించారు.

"ఒక్క మాట మానుకోలేవుటే?" అని నేను తిట్టాను.

"పిలవకపోతే వెళ్ళిపోతాడు పిన్నీ" అంది.

అది మా పెద్దవాళ్ళ మాటే. పేరు పిలుపుతో బతుకుతుంది. పిలిచేవాళ్ళు లేని ఇంట్లో మనిషి నిలవడు. నేనేం చెప్పను?

పిల్లకి మాటలొచ్చే ఈడు వచ్చింది. మాలియాని చూస్తే వెనక్కి పోయి పసుపు ఇంటావిడ స్కర్టు పట్టుకునేది. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం అబెలోనె ఫోన్ చేసింది. మాలియా చేతులకి పిండి అంటుకుని ఉందని ఫోన్ బల్ల మీద పెట్టి వింది, నాకూ వినబడింది.

"మన పక్కింట్లో మగపిల్లాడు పుట్టాడు" అంది ముసలిది. "ఎనోక్ పేరు పెడతామని అడుగుతున్నారు."

"ఎనోక్ ఉన్నాడుగా అమ్మా. ఇక్కడ."

"ఉన్నాడా? ఎవరు పిలుస్తున్నారు?"

మాలియా పిండి ఇంకాస్త గట్టిగా పిసికింది.

"రెండిళ్ళలో ఉంటే ఆయనకేం నష్టం" అంది అబెలోనె. మళ్ళీ తనే అంది, "కాదే తల్లీ, నీకెందుకు అబద్ధం చెప్పాలి. ఆయన అక్కడ ఉండలేడు. ఆ ఇంట్లో ఆయన్ని ఎరిగినవాళ్ళు లేరు, ఆయన భాష లేదు. నేను ముసలిదాన్నయ్యాను. కళ్ళు మూసేలోపు మా ఆయన్ని ఒక్కసారి ఒళ్ళో పెట్టుకోవాలని ఉంది. నువ్వు కూతురివి, నువ్వు సరేననకపోతే వాళ్ళు పెట్టరు."

మునిసిపాలిటీ పరీక్ష పెట్టింది, కమిటీ పిల్లని తీసుకుంది, ఏ ఒక్కరూ మాలియాని "ఇస్తావా?" అని అడగలేదు. అడిగింది కన్నతల్లి ఒక్కతే. అడగకుండా ఉంటే బాగుండునని నాకనిపించింది. ముసలిదాని మీద కోపమొచ్చింది, జాలీ వేసింది.

మాలియా చేతులు కడుక్కుంది. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంది. "పెట్టుకోమను" అంది. అవతల ముసలిది ఏడుస్తూ ఏదో అంటుండగానే ఫోన్ కట్ చేసి, రొట్టె పిండి మీద బట్ట కప్పింది.

తర్వాతిసారి పిల్లని చూపించినప్పుడు నన్నూ రానిచ్చారు. సిగ్నె ఎర్ర గౌను వేసుకుని వచ్చింది. నేను మాలియా వంకే చూస్తున్నాను, ఎక్కడ నోరు జారుతుందో, ఉన్నదీ ఎక్కడ పోతుందో అని. మాలియా కింద చాప మీద కూర్చుంది. "హలో సిగ్నె" అంది డేన్‌ల భాషలో. దగ్గరికి లాక్కోలేదు. చెవి దగ్గరికి వంగలేదు. చెక్క ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. "ఇది నీలం, ఇది ఎరుపు" అని ఓపిగ్గా చెప్పింది, ఎదురింటి పిల్లని ఆడించినట్టు. పిల్ల బెరుకు తీరి దగ్గరికొచ్చి, ఒక ముక్క మాలియా చేతిలో పెట్టింది. "థాంక్స్ సిగ్నె" అంది మాలియా. వేళయిపోగానే తనే లేచి, బట్టలు దులుపుకుని, పిల్లకి చెయ్యి ఊపింది.

మునిసిపాలిటీ అమ్మాయి మొహం వెలిగిపోయింది. "ఈరోజు ఎంత బాగా జరిగింది మాలియా! ఇదివరకటి మనిషివే కాదు నువ్వు. ఇలాగే ఉంటే ఇకమీదట తరచుగా చూపించేలా మాట్లాడతాను."

"థాంక్స్" అంది మాలియా ఆ అమ్మాయి కళ్ళలోకి చూస్తూ.

బస్టాపులో సముద్రపు గాలి మొహాన్ని కోసేస్తోంది. ఏదో ఒకటి అనాలని, "తరచుగా చూపిస్తారటగా" అన్నాను. మాలియా రోడ్డు వంక చూస్తూ నిలబడింది. పసుపు ఇంటివాళ్ళ కారు మా ముందు నుంచే పోయింది, వెనక సీట్లో ఎర్ర గౌను కనబడింది.

"ఆ పాప ముద్దుగా ఉంది కదా పిన్నీ" అంది మాలియా. "ఎవరి పిల్లో."